వెనక గల్లీ డ్యూటీ

ఇప్పుడు నేను రాసుకునే గదిలో చప్పుడు లేదు. మా అమ్మాయి వాళ్లు పొద్దున్నే ఎవరి పనికి వాళ్లు పోతారు, సాయంత్రం దాకా నన్ను పలకరించేవాళ్లు ఉండరు. ఒకప్పుడు ఇట్లాంటి నిశ్శబ్దం కోసం ఇంటిల్లిపాదితో గొడవ పడినదాన్ని. ఇప్పుడు కావలసినంత ఉంది, దాని మీద నాకు ప్రేమ లేదు. పదింటికీ ఐదింటికీ మధ్య మా అత్తమ్మ నన్ను ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "బిడ్డా" అని పిలిచి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. పిలవకపోవడం ఆమె తప్పు కాదు. ఆ పద్ధతి పెట్టింది ఆమే, పెట్టించింది నా కోపం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో సంగతి ఇది. మెదక్‌లో మా ఇల్లు చర్చి గోపురం కనిపించే గల్లీలో ఉండేది. మా ఆయన బడి పంతులు. అత్తమ్మ దవాఖానలో ఆయాగా చేసి చేసి, మోకాళ్లు పట్టుకున్నాక మానేసి ఇంట్లో ఉండేది. పిల్లలిద్దరు. పెద్దవాడు బడికి పోయేవాడు, చిన్నది నాలుగేళ్ల ఆడపిల్ల, రోజంతా నాయినమ్మ కొంగు పట్టుకుని తిరిగేది.

నేను పెళ్లికి ముందు ఎనిమిదో తరగతి దాకా ఉర్దూలో చదువుకున్నాను. పెళ్లయ్యాక ఆ చదువు అటక మీది ఇత్తడి గిన్నెలాగా అయిపోయింది, ఉన్నదని అందరికీ తెలుసు, ఎవరూ దించరు. ఇంతలో కచేరీల్లో కొత్త అధికార్లు వచ్చారు. భూముల కాయితాలన్నీ ఉర్దూలో ఉన్నాయి, వచ్చినవాళ్లకు ఉర్దూ రాదు. మా ఆయనకు తెలిసిన వకీలు ఒకాయన, పాత దస్తావేజులు చదివి తెలుగులో రాసిపెట్టేవాళ్లు కావాలని అడిగాడట.

"మా ఇంట్లనే ఉన్నది గదా సాబ్," అని వచ్చాడు మా ఆయన.

మొదటి కట్ట విప్పిన రోజు బాగా గుర్తు. ఎర్ర గుడ్డలో చుట్టిన కాయితాలు, అంచులు కొన్ని చెదలు తిన్నవి. కలం ఎత్తకుండా గబగబా రాసుకుపోయిన గొలుసు రాత, అందరికీ కొరుకుడు పడేది కాదు. మొదటి వరుస దగ్గర తడబడ్డాను. రెండో వరుసకు వచ్చేసరికి నా వేలు దానంతట అదే కుడి నుంచి ఎడమకు నడవడం మొదలుపెట్టింది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. పోయిందనుకున్న మనిషి నాలో ఎక్కడో కూర్చునే ఉంది. ఈ పని పోతే ఆమె మళ్లీ కనిపించదని అప్పుడే భయం పట్టుకుంది. వకీలు కూర్చునే చోట బజారు మగవాళ్ల మధ్య నేను రాసే రోజులు కావవి, కాబట్టి రాస్తే ఇంట్లోనే రాయాలి.

ఇంట్లో రాయడమంటే ఏమిటో మా నడింట్లో ఒక్క పూట కూర్చుంటే తెలిసేది. చాప మీద బోర్లించిన చెక్కపెట్టె నా బల్ల. ఒక పక్క అత్తమ్మ పసుపు దంచేది, ఇంకో పక్క పిల్లది సిరా బుడ్డి మూత కోసం ఏడ్చేది. మధ్యాహ్నం బడి విడవగానే పెద్దవాడు అన్నానికి వచ్చి ఇంటి పైకప్పు ఎగరగొట్టేవాడు. వచ్చిన ప్రతివాళ్లకూ నేను తీరిగ్గా కనిపించేదాన్ని.

"ఉత్తగనే కూసున్నవ్ గదా, జర గీ చిట్టీ సదివి పెట్టు," అనేవాళ్లు.

చేతిలో చీపురుంటే ఎవరూ ఆ మాట అనరు. చేతిలో కలం ఉంటే మాత్రం ఖాళీగా ఉన్నట్టే. నాకు ఒళ్లు మండేది. పైకి నవ్వి చిట్టీ చదివి పెట్టేదాన్ని, ఆ మంట పిల్లల మీద చూపించేదాన్ని. నా రాతలో తప్పులు దొర్లడం మొదలైంది.

ఒకరోజు ఎదురింటావిడ మంజీర చేపలు తెచ్చింది. మాకు ఇద్దామనే వచ్చింది, పాపం. మాట్లాడుతూ మాట్లాడుతూ తడి గంపను తీసుకొచ్చి చాప మీద పెట్టింది. గంప కింద ఒక పాత అమ్మకం కాయితం ఉంది. నేను చూసి లాగేలోపల రెండు వరుసల సిరా నీళ్లలో కలిసిపోయింది. ఆవిడను ఏమేమి అన్నానో చెప్పడానికి సిగ్గు. ఆవిడ గంప ఎత్తుకుని ఏడ్చుకుంటూ పోయింది. నా కోపం చల్లారక, ఏ పాపమూ తెలియని చిన్నదాన్ని చెంప మీద కొట్టాను. వకీలు మంచివాడు, ఆ కాయితానికి నకలు కచేరీలో ఉందన్నాడు. ఇంకోసారి ఇట్లా అయితే మాత్రం వేరేవాళ్లను చూసుకుంటానని మా ఆయనతో చెప్పి పంపాడు.

ఆ సాయంత్రం నేను అన్నం తినలేదు. అత్తమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. తర్వాత పెద్ద నిర్ణయమేదో అయిపోయినట్టు అన్నది.

"రేపటిసంది నువ్వు డ్యూటీకి పో బిడ్డా."

"ఎక్కడికి పోవాలె అత్తమ్మా?"

"మేకల కొట్టానికి."

మేకలు ఎప్పుడో పోయాయి, కొట్టం అట్లాగే ఉంది. నడింటికీ దానికీ మధ్య ఒకటే మట్టిగోడ, మూరెడు మందం. తలుపు మాత్రం వెనక గల్లీ వైపు ఉంది. ఇంట్లోంచి అందులోకి పోవాలంటే ముందు వాకిట్లోంచి బయటపడి, మూడిళ్లు దాటి, బావి పక్క నుంచి మలిగి వెనక గల్లీలోకి రావాలి. గోడకు చిన్న తలుపు కొట్టిద్దాం అన్నాడు మా ఆయన. అత్తమ్మ ఒప్పుకోలేదు.

"తలుపుంటే పిలుస్తరు. డ్యూటీల ఉన్నోళ్లను పిల్వద్దు. దవాఖానల నేను డ్యూటీల ఉన్నప్పుడు నువ్వు జ్వరంతోని ఏడ్సుకుంట గేటుకాడికి వస్తే, మీ నాయినతోని ఎనక్కి పంపిచ్చిన. నా డ్యూటీ అయినంకనే వచ్చి నిన్నెత్తుకున్న," అన్నది కొడుకుతో.

మర్నాడు పదింటి బడి గంట కొట్టేముందు నాకు మంచి చీర కట్టించింది. గిన్నెలో అన్నం, మామిడికాయ తొక్కు పెట్టి మూట కట్టి చేతికిచ్చింది. చిన్నదాన్ని వాకిట్లోకి తెచ్చి, "అమ్మ డ్యూటీకి వోతుంది, పోయి రమ్మను," అన్నది. అది చెయ్యి ఊపింది. నేను చెప్పులు వేసుకుని, మా ఇంట్లోంచి మా ఇంటికే బయలుదేరాను. గల్లీలో వాళ్లు నోళ్లు తెరుచుకుని చూశారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కొట్టంలో మా ఆయన వేసిపెట్టిన కుర్చీలో కూర్చున్నాక మాత్రం ఒక సంగతి తెలిసింది. ఆ మూడిళ్ల దూరంలో నేనెవరి కోడలినో, ఎవరి తల్లినో అన్నది మెల్లగా జారిపోయి, చేతికి కలం ఒక్కటే మిగిలింది. ఆ పూట నేను రాసినంత అంతకుముందు వారంలో కూడా రాయలేదు.

నెలలోపల గల్లీ అంతా ఆ ఆటలో కలిసింది. బట్టలు కుట్టే ముసలాయన నన్ను చూడగానే, "డ్యూటీకా అమ్మా? ఇయ్యాల జర ఆలస్యమైనట్టున్నది," అనేవాడు. వానొస్తే గొడుగు పట్టుకుని పోయేదాన్ని. నా బడి కన్నా నీ దఫ్తరే దూరమని మా ఆయన ఏడిపించేవాడు. ఒకసారి జ్వరమొచ్చి కొట్టంలోకి పోకుండా పడుకుంటే, అత్తమ్మ వచ్చి, "సెలవు పెట్టినవా?" అని అడిగింది. ఎవరికి పెట్టాలంటే, "నాకు పెట్టు," అన్నది. పెట్టాను. ఇచ్చింది.

గోడ ఇవతల కూర్చుంటే అవతల జరిగేదంతా వినిపించేది. పసుపు దంచడం, పిండి కొట్టడం అత్తమ్మ పదింటికి ముందే ముగించేది. ఎవరొచ్చి నన్ను అడిగినా ఒకటే జవాబు. "కోడలు డ్యూటీకి వోయింది. ఐదింటికి వస్తది. కూసోండ్రి, మంచినీళ్లు తాగుండ్రి." చిన్నది ఏడిస్తే, "అమ్మ దూరమున్నది బిడ్డా, నీ ఏడుపు గంత దూరం పోదు," అని సముదాయించేది. మూరెడు దూరంలో నేను కలం పట్టుకుని, అంత దూరంలోనే ఉన్నాననుకునేదాన్ని.

ఒక్కటి మాత్రం ఆమెకు మొదట తోచలేదు. బియ్యం ఏరేటప్పుడు పాడుకోవడం అలవాటు ఆమెకు. చర్చి పాటే, గొంతు గొప్పదేమీ కాదు, మొదటి చరణం దాటితే మాటలు కూడా సరిగా రావు. రెండో వారంలో నేనే చెప్పాను.

"అత్తమ్మా, నీ పాట వినవడితే నా రాత ఆగుతుంది."

"అయ్యో, నాకు సోయే లేదు బిడ్డా," అన్నది. ఆ మర్నాటి నుంచి పగటిపూట ఆమె పాడలేదు. నేను దాన్ని గెలుపనుకున్నాను.

పాపన్నపేట నుంచి మా చిన్నమ్మ వచ్చిన రోజు చెప్పాలి. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. మధ్యాహ్నం వచ్చింది, గోడ పక్కనే కూర్చుంది, గొంతు గుర్తుపట్టి నేను లేచి నిలబడ్డాను కూడా. మళ్లీ కూర్చున్నాను. నేను ఏనాడూ చూడ్డానికి రానని, కాయితాల పిచ్చిలో పడి పిల్లలను గాలికొదిలేశానని చిన్నమ్మ సాగదీస్తోంది. అత్తమ్మ చాలాసేపు విన్నది.

"నా కోడలు కుడినుంచి సదివి ఎడమనుంచి రాస్తది వదినా. గట్ల రాసేటోళ్లు మెదక్‌ల ఎంతమంది ఉన్నరో జర నువ్వే చెప్పు. పిల్లల ముక్కులు తుడ్వనీకి నేనున్న గదా," అన్నది.

నా ఎదుట ఆమె నన్ను ఒక్కనాడు మెచ్చుకోలేదు. ఆ పూట నా సిరా చుక్క కాయితం మీద పడి పెద్ద మచ్చయింది. ఐదింటికి బడి గంట కొట్టగానే గల్లీ చుట్టూ తిరిగి వచ్చి, ఏమీ ఎరగనట్టు, "ఎప్పుడొచ్చినవ్ చిన్నమ్మా?" అన్నాను. అత్తమ్మ అప్పటికే గడపలో చెంబుతో నీళ్లు పెట్టుకుని నిలబడి ఉంది. రోజూ అట్లాగే నిలబడేది. కాళ్లు కడుక్కుని కూర్చోగానే, నేను లేనప్పుడు జరిగిందంతా చెప్పేది. నేను గోడ ఇవతల విన్నదే. అయినా కొత్తగా విన్నట్టు వినేదాన్ని. నిజానికి ఆమె చెప్పేటప్పుడే ఎక్కువ బాగుండేది, గొంతులు మార్చి చెప్పేది, పిల్లది కింద పడ్డ సంగతి దాచేసేది. ఆ రోజు కూడా చిన్నమ్మ మాటలన్నీ చెప్పింది, తానన్న మాట మాత్రం వదిలేసింది. ఆ గంటసేపు కోసం ఇప్పుడు నాకున్నవన్నీ ఇచ్చేస్తాను.

అట్లా ఐదేళ్లకు దగ్గరగా గడిచింది. వకీలు ఒక్కడే కాదు, కుల్చారం నుంచి కూడా కాయితాలు వచ్చేవి. ఆడపిల్ల తర్వాత ఇంకో ఆడపిల్ల పుట్టి, దానికీ నాలుగేళ్లు దగ్గర పడుతున్నాయి. పెద్ద పిల్లలిద్దరూ బడికి పోతే, ఇప్పుడు ఇది నాయినమ్మ కొంగు పట్టుకుని తిరిగేది.

ఆ రోజు ఎండలు ముదిరి ఉన్నాయి. మర్నాడు కోర్టులో పెట్టాల్సిన పెద్ద కట్ట ఒకటి నా ముందుంది. మధ్యాహ్నం దాటాక గోడవతల చప్పుడు ఆగిపోయింది. పిల్లది కూడా నోరెత్తలేదు. ఇద్దరూ నిద్రపోయారనుకున్నాను. నాకు బాగా పని సాగిన రోజుల్లో అదొకటి, ఈ మాట రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. నాలుగింటికల్లా కట్ట అయిపోయింది. లేచి పోవచ్చు. పోలేదు. ఇంకా డ్యూటీ టైం ఉంది కదా, ఇంటికి పోతే ఏదో ఒక పని తగులుతుందని, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాను. చల్లగా, హాయిగా ఉంది. గంట కొట్టేదాకా అట్లాగే ఉన్నాను.

గల్లీ తిరిగి వచ్చేసరికి గడపలో చెంబు లేదు.

అత్తమ్మ నడింట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆ గోడకే. మూతి ఒక పక్కకు లాగేసింది, కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది, అది తనది కానట్టు. పిల్లది ఆమె పక్కన బుద్ధిగా కూర్చుని ఉంది. ఎప్పుడైందే అని అరిచాను.

"అన్నం తిన్నంక నాయినమ్మ కూసున్నకాడనే ఒరిగింది. నేను నిన్ను పిలుస్త అన్న. నాయినమ్మ నా నోరు మూసింది. అమ్మ డ్యూటీల ఉన్నది, ఐదింటికి వస్తది అని చెవుల అన్నది."

నా కుర్చీ వీపూ ఆమె వీపూ ఆ గోడకు అటూ ఇటూ ఆనుకుని ఉన్నాయి. ఆమె ఎడమచెయ్యి బాగానే ఉంది. దానితో గోడ మీద ఒక్కసారి కొట్టి ఉంటే నాకు వినపడేది.

దవాఖానకు రిక్షాలో తీసుకుపోయాం. అక్కడ పాతవాళ్లందరూ ఆమెను గుర్తుపట్టి చుట్టూ చేరారు. డాక్టరమ్మ నన్ను అడిగింది, ఎప్పుడు జరిగిందని. మధ్యాహ్నమని చెప్పాను. "అప్పుడు మీరు ఇంట్లో లేరా?" అన్నది. మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

"డ్యూటీల ఉన్న," అన్నాను.

ముందే తెస్తే ఏమయ్యేదో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.

ఆ తర్వాత అత్తమ్మ ఏడు నెలలు బతికింది. ఇంటికి తెచ్చేసరికి మాట పూర్తిగా పోయింది. నేను కొట్టానికి తాళం పెట్టి, ఆమె మంచం పక్కనే చెక్కపెట్టె వేసుకుని కూర్చున్నాను. వచ్చేవాళ్లు రానీ, గంపలు పెట్టేవాళ్లు పెట్టనీ అనుకున్నాను. మొదటిరోజు పొద్దున బడి గంట కొట్టగానే అత్తమ్మ ఎడమచెయ్యి ఎత్తి వాకిలి వైపు చూపించింది. నాకు అర్థమైంది, అర్థం కానట్టు ఊరుకున్నాను. ఆమె మొహం తిప్పుకుని ఆ పూట గంజి ముట్టలేదు. రెండోరోజూ అంతే. మూడోరోజు నేను చెప్పులు వేసుకున్నాను. మూడిళ్లు దాటి బావి దగ్గరికి వచ్చేసరికి కళ్లు కనిపించలేదు. కుట్టుపని ముసలాయన బట్ట మీదికి తల వంచుకున్నాడు.

ఒక ఇత్తడి గ్లాసు ఆమె ఎడమచేతికి అందేట్టు పెట్టాను. "అత్తమ్మా, నీకేమన్న గావాలంటే దీంతోని గోడ మీద కొట్టు. నేనొస్త. డ్యూటీల ఉన్నా వస్త," అని రోజూ చెప్పి పోయేదాన్ని. పిల్లదానికీ చెప్పాను, అరిచి పిలవమని. కొట్టంలో కూర్చుని ఆ గ్లాసు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉండేదాన్ని. ఒక్కసారీ కొట్టలేదు.

వానలు పడుతున్న ఒక మధ్యాహ్నం గోడవతల సన్నగా ఏదో వినిపించింది. పిల్లది అనుకున్నాను. కాదు. మాటల్లేవు, రాగం ఒక్కటే. బియ్యం ఏరుతూ పాడేది, నేను మాన్పించిన ఆ చర్చి పాట. మాట పోయినా రాగం ఎక్కడో మిగిలిందన్నమాట. బహుశా నిద్రమత్తులో నేనున్న సంగతి మరిచిపోయింది. నేను ఉలిక్కిపడి కదిలితే కుర్చీ కిర్రుమంది. టక్కున ఆగిపోయింది.

నేను కలం కింద పెట్టాను. ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ కూర్చున్నాను. చాలాసేపటికి మళ్లీ మొదలైంది. మొదటి చరణమే, తిరిగి తిరిగి అదే. గోడకు చెవి ఆనించి గంట కొట్టేదాకా విన్నాను. ముందరున్న కాయితం మీద ఒక్క వరుస కూడా పడలేదు.

మర్నాడు పొద్దున్నే వకీలు దగ్గర పనిచేసే పెద్దమనిషి వాకిట్లోకి వచ్చాడు.

"కాయితం అయిందా అమ్మా? సాబు అడుగుతున్నడు."

"కాలే. నిన్న నేను డ్యూటీకి పోలే," అన్నాను, పాట విన్నానని తెలిస్తే ఆమె ఇంక పాడదని.

ఆ మాట మంచం మీద అత్తమ్మ విన్నది. నేను మంచి చీర కట్టుకుని, గిన్నె పట్టుకుని పోవడం నిన్న ఆమె కళ్లారా చూసింది. నా వైపు తిరిగి, చాలా కోపంగా చూసింది. ఆ ఎడమచెయ్యి లేచి వాకిలి వైపు చూపించింది. బడి గంట ఇంకా కొట్టలేదు. నేను చెప్పులు వేసుకున్నాను.